పెరటి పక్షుల లెక్క

ఇంటి పెరట్లోనో, మేడ మీదనో, అపార్ట్‌మెంటు బాల్కనీలోనో, వీధి చివరి చెరువు గట్టునో నిలబడి అక్కడికి వచ్చే పిట్టలను గుర్తుపట్టడం, ఎన్నున్నాయో లెక్కపెట్టడం, తేదీ వేళలతో రాసిపెట్టడం కలిస్తే పెరటి పక్షుల పరిశీలన. మొదటి రెంటితో ఆగితే అది చక్కటి కాలక్షేపం. మూడోది కూడా చేసి, ఆ రాతను అందరి రాతలూ చేరే చోటికి పంపితే సిటిజన్ సైన్స్, అంటే పౌర విజ్ఞానం అవుతుంది. జీతమూ పట్టా లేని మామూలు మనుషులు శాస్త్రానికి సమాచారం సమకూర్చే పద్ధతికి ఆ పేరు. పక్షి పరిశీలన అనగానే చాలామందికి పొడుగాటి లెన్సు, మారుమూల అడవి, ఏళ్లకోసారి కంటపడే అరుదైన పిట్ట గుర్తొస్తాయి. ఆ సరదా ఆ సరదాయే. శాస్త్రానికి మాత్రం ఎక్కువగా అక్కరకొచ్చింది రోజూ కనిపించే కాకిని, గోరింకను, పావురాన్ని ఒకే పద్ధతిలో ఏళ్ల తరబడి రాసినవాళ్ల చీటీలే. పెరటి చెట్టు మందుకు పనికిరాదనే సామెత పక్షుల దగ్గర చెల్లదని నూరేళ్లకు పైబడిన అనుభవం చెబుతోంది.

జనం కలిసి పక్షులను లెక్కపెట్టే ఆచారం అమెరికాలో వేటకు బదులుగా పుట్టింది. క్రిస్మస్ రోజుల్లో జట్లుగా విడిపోయి, ఎవరు ఎక్కువ పిట్టలనూ జంతువులనూ కొడతారో పందెం వేసుకునే అలవాటు అక్కడ ఉండేది. 1900 డిసెంబరులో ఫ్రాంక్ చాప్‌మన్ అనే పక్షిశాస్త్రవేత్త, ఈసారి చంపకుండా లెక్కపెడదాం రమ్మన్నాడు. 25 చోట్ల 27 మంది కదిలారు. ఆ లెక్క నేటికీ ఏటా సాగుతోంది. బ్రిటన్‌లో 1979లో పిల్లల కోసం మొదలుపెట్టిన తోటపిట్టల లెక్కలో ఇప్పుడు జనవరి చివరి వారాంతంలో ఐదు లక్షలకు పైగా జనం పాల్గొంటున్నారు. కార్నెల్ విశ్వవిద్యాలయ పక్షిశాస్త్ర కేంద్రం, ఆడుబాన్ సొసైటీ కలిసి 1998లో ఫిబ్రవరి పెరటి పక్షుల లెక్కను, 2002లో ఈబర్డ్ అనే ఆన్‌లైన్ ఖాతాపుస్తకాన్ని ప్రారంభించాయి. 2013లో ఆ ఫిబ్రవరి లెక్క ప్రపంచమంతటికీ విస్తరించింది, భారతీయులూ ఆ ఏడే చేరారు. 2021 నాటికి ఈబర్డ్‌లో నమోదైన పరిశీలనలు వంద కోట్లు దాటాయి.

మన దేశంలో ఈ పనికి అంతకు ముందే మంచి ఒరవడి ఉంది. 1930లో ఉద్యోగం లేక బొంబాయి దగ్గరి కిహిమ్ అనే తీరగ్రామంలో ఇంటిపట్టున ఉన్న సలీం అలీ, దగ్గర్లోని చెట్టుకు వేలాడే గిజిగాళ్ల గూళ్లను నెలల తరబడి గమనించాడు. మగ గిజిగాడు గూడు సగం అల్లి ఆగుతుంది. ఆడది వచ్చి లోపలా బయటా చూసుకుని, నచ్చితేనే కాపురానికి ఒప్పుకుంటుంది. అప్పుడు మగది గొట్టం లాంటి ప్రవేశ మార్గాన్ని పూర్తిచేసి, ఈ సంసారాన్ని ఆడదానికి అప్పగించి, పక్కనే మరో గూడు మొదలుపెడుతుంది. ఈ సంగతి బయటపడటానికి కావలసింది కూర్చునే ఓపిక, రాసిపెట్టే అలవాటు. ఆ మరుసటి ఏడాదే ఆయన నిజాం ప్రభుత్వ అండతో హైదరాబాదు సంస్థాన పక్షుల సర్వే చేపట్టాడు. తెలుగు నేల మీద అడుగడుగునా తిరిగి రాసిన తొలి పక్షి లెక్కల్లో అదొకటి. 1980లో హైదరాబాదులో బర్డ్‌వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. సభ్యులు తాము చూసినవి రాసుకునే దాని పత్రిక పేరు 'పిట్ట'.

మామూలు పక్షిని ఎందుకు లెక్కపెట్టాలి అన్నదానికి రాబందుల కథను మించిన జవాబు లేదు. 1980లలో తెల్లవీపు రాబందును ప్రపంచంలోనే అత్యధిక సంఖ్యలో ఉన్న పెద్ద వేటపక్షుల్లో ఒకటిగా చెప్పుకునేవారు. ఊరి బయట పశువు కళేబరం పడితే పదుల్లో వాలేవి. అంత మామూలుగా ఉన్నదాన్ని ఎవరు లెక్కపెడతారు? 1990ల మొదట్లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వేటపక్షుల కోసం చేసిన రోడ్డు సర్వేలు, భరత్‌పూర్ కేవలదేవ్ పార్కులో ఏటా రాసిన లెక్కలు ఉండబట్టి సరిపోయింది. 2000లో అవే దారుల్లో మళ్లీ తిరిగి పోల్చి చూస్తే గుండె గుభేలుమంది. 1992 నుంచి 2007 మధ్య తెల్లవీపు రాబందులు వెయ్యికి ఒకటి చొప్పున మిగిలాయి. పశువులకు వాడే డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు కళేబరాల ద్వారా వాటి మూత్రపిండాలను దెబ్బతీస్తోందని 2004లో తేలింది, 2006లో పశువైద్యంలో ఆ మందును మన దేశం నిషేధించింది. ఆ పాత సర్వేలే లేకుంటే రాబందులు ఎప్పటినుంచి, ఎంత వేగంగా తగ్గాయో చెప్పే ఆధారం కొద్దిమంది జ్ఞాపకాలకే పరిమితమయ్యేది. అరుదైన పక్షి అంతరిస్తుంటే గమనించేవాళ్లు ఎప్పుడూ కొందరుంటారు. మామూలు పక్షి తరుగుతుంటే మాత్రం, లెక్క రాయకపోతే, అది అరుదైనదాకా ఎవరికీ తెలియదు.

కళ్లు ఇంతగా మోసం చేస్తాయా అన్న అనుమానానికి బ్రిటన్ పిచ్చుక సమాధానం. తోటపిట్టల లెక్కలో ఊరపిచ్చుక ఏళ్ల తరబడి మొదటి స్థానంలోనే నిలుస్తోంది. ఆ దేశంలో ఎవరి కిటికీలోంచి చూసినా ఎక్కువగా కనిపించేది అదే. అయినా 1979తో పోలిస్తే ఒక్కో తోటలో కనిపించే పిచ్చుకల సంఖ్య సగానికి పైగా పడిపోయింది. మొదటి స్థానంలో ఉంటూనే సగం కరిగిపోయిన పక్షి గురించి ఏ తోటమాలినడిగినా 'బోలెడున్నాయి' అనే అంటాడు. అబద్ధం చెప్పడు, పోల్చుకోవడానికి అతని దగ్గర పాత అంకె ఉండదు, అంతే.

ఇక చీటీ ఎలా ఉండాలన్నది. దీని మీద కాస్త ఎక్కువసేపు నిలవాలి, ఎందుకంటే శాస్త్రమంతా ఇక్కడే ఉంది. ఒక మాదిరి జాబితా ఇలా ఉంటుంది: ఉదయం 6.40, మేడ మీద, కదలకుండా, 20 నిమిషాలు. కాకి 7, పావురం 14, గోరింక 4, పిగిలిపిట్ట 2, రామచిలుక 9, గద్ద 1, తేనెపిట్ట 1. గుర్తుపట్టిన పక్షులన్నీ రాశారా అన్న ప్రశ్నకు, అవును. ఈ చివరి 'అవును' మిగతా అంకెలన్నిటికీ విలువ కడుతుంది. అన్నీ రాశారంటే, రాయనివి ఆ వేళ అక్కడ కనిపించలేదని అర్థం. పై జాబితాలో పిచ్చుక పేరు లేదు. అది మరచిపోవడం వల్ల కాదు, ఆ ఇరవై నిమిషాల్లో పిచ్చుక రాకపోవడం వల్ల. సున్నా కూడా సమాచారమే. ఫలానా చోట పాలపిట్ట కనిపించిందని గొప్పగా ఫొటో పెట్టిన కబురులో ఈ సున్నాలు ఉండవు, అందుకే దాంతో లెక్క కట్టలేం. ఒక జిల్లా నుంచి ఒక నెలలో వంద సంపూర్ణ జాబితాలు వచ్చి, వాటిలో అరవైలో పిచ్చుక ఉంటే ఆ నెల దాని హాజరు అరవై శాతం. పదేళ్ల తర్వాత అదే నెలలో నలభైకి దిగితే ఏదో జరిగిందన్నమాట. వేళ, ఎంతసేపు, ఎంత దూరం నడిచారన్నవి ఎందుకంటే, రెండు గంటలు తిరిగినవాడికి పది నిమిషాలు నిలబడినవాడికన్నా ఎక్కువ పక్షులు కనిపించడం సహజం. ఆ తేడాను సరిచేయకపోతే ఓపికలో వచ్చిన మార్పు పక్షుల్లో వచ్చిన మార్పులా కనబడుతుంది. లెక్కించే తీరులోనూ జాగ్రత్త కావాలి. ఒకే పిగిలిపిట్టల జంట మందార కొమ్మకూ గోడకూ మధ్య పదిసార్లు తిరిగితే ఇరవై పిట్టలు కావు. బ్రిటన్ లెక్కలో ఒక జాతి ఒకేసారి ఎక్కువగా ఎన్ని కనిపించాయో ఆ అంకెనే రాయమంటారు. కొత్తవాళ్లు ఈ నియమం పట్టుకుంటే చాలావరకు చిక్కు వదులుతుంది.

ఇలాంటి జాబితాలు గుట్టగా పోగైతే ఏమవుతుందో 'స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్' నివేదికల్లో చూడవచ్చు. 2020లో మొదటిది 867 జాతుల మీద, 2023లో రెండోది 942 జాతుల మీద వెలువడ్డాయి. రెండోదానికి ఆధారం 30 వేల మందికి పైగా పరిశీలకులు రాసిన మూడు కోట్ల పరిశీలనలు. దీర్ఘకాలపు ధోరణి చెప్పడానికి చాలినంత సమాచారం ఉన్న 338 జాతుల్లో 60 శాతం తగ్గాయి. ఇటీవలి ఏళ్ల ధోరణి తెలిసిన 359 జాతుల్లో 40 శాతం తగ్గుతున్నాయి. 178 జాతులకు సత్వర శ్రద్ధ అవసరమని నివేదిక తేల్చింది. బాగుపడ్డవీ ఉన్నాయి. నెమలి, కోకిల, పావురం పెరిగాయి. మనిషి ఏం పెట్టినా తిని, ఎక్కడ పడితే అక్కడ బతకగలిగే పక్షికి ఈ కాలం అనుకూలంగా ఉంది. ఒకే రకం తిండికీ ఒకే రకం నేలకూ అంటిపెట్టుకున్న పక్షికి గడ్డుగా ఉంది. తెలుగువారిని నేరుగా తాకేది పాలపిట్ట సంగతి. తెలంగాణ రాష్ట్రపక్షి అది. ఉమ్మడి రాష్ట్రానికీ అదే ఉండేది, ఆంధ్రప్రదేశ్ 2018లో రామచిలుకకు మారింది. దసరా నాడు పాలపిట్టను చూస్తే శుభమని ఊరి పొలిమేర దాటి వెళ్లే జనానికి అది తగ్గుతోందన్న వార్త నచ్చకపోవచ్చు. కానీ అంతర్జాతీయంగా దాని స్థితిని తిరిగి అంచనా వేయాలని 2023 నివేదిక సూచించిన 14 జాతుల్లో పాలపిట్ట ఉంది. పండగనాడు దాన్ని పంజరంలో పెట్టి చూపించి డబ్బులడిగేవాళ్లు 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం నేరం చేస్తున్నట్టే.

లెక్క ఎప్పుడూ చావుకబురే మోసుకొస్తుందనుకోనక్కర్లేదు, కొన్నిసార్లు ఊరిపుకారును సరిదిద్దుతుంది కూడా. పిచ్చుకలు దేశమంతా మాయమవుతున్నాయని, సెల్ టవర్ల రేడియేషనే కారణమని ఏటా మార్చి 20న పిచ్చుకల దినం వచ్చేసరికి పత్రికలు రాస్తూ ఉంటాయి. 2020 నివేదిక ఈ మాటను రెండుగా విడగొట్టింది. దేశం మొత్తం మీద చూస్తే పాతికేళ్లుగా పిచ్చుక నిలకడగానే ఉంది. హైదరాబాదుతో సహా ఆరు మహానగరాల్లో మాత్రం క్రమంగా తగ్గుతోంది. టవర్ల మీది అభియోగానికి గట్టి ఆధారం దొరకలేదు. నగరాల్లో తగ్గడానికి కారణాలు మరోచోట వెతకాలి. పిచ్చుక పెద్దయ్యాక గింజలు తింటుంది గానీ గూట్లోని పిల్లలకు పురుగులే పెడుతుంది. మందు కొట్టిన పచ్చిక, సిమెంటు వాకిలి ఉన్నచోట పురుగులుండవు. పెంకుటిల్లు పోయి అద్దాల మేడ వచ్చాక చూరు సందూ ఉండదు. కోతలయ్యాక వరికంకులను కుచ్చుగా అల్లి వసారాలోనూ గుడి మండపంలోనూ వేలాడదీసే మన పాత ఆచారం మంచిదే. నగరంలో మాత్రం అది సగం సాయమే, పిల్లలకు కావలసిన పురుగు దానిలో లేదు.

ఈ పద్ధతి మీద అభ్యంతరాలు తక్కువేం లేవు, తేలికైనవీ కావు. మొదటిది, చదువుకోనివాళ్ల గుర్తింపును నమ్మేదెలా అన్నది. కాకికీ బొంతకాకికీ తేడా తెలియనివాళ్లు జాబితాలు పంపుతున్నారన్నది నిజమే. దీనికి రెండు కాపలాలున్నాయి. ఫలానా ప్రాంతంలో ఫలానా నెలలో ఉండరాని పక్షి పేరో, నమ్మశక్యంగాని అంకెనో రాస్తే ఈబర్డ్ వెంటనే అడ్డుపడి వివరం అడుగుతుంది. ఆ తర్వాత ఆ ప్రాంతం తెలిసిన స్వచ్ఛంద పరిశీలకులు దాన్ని చూసి, ఫొటోనో కూత రికార్డునో అడిగి, ఆధారం లేకపోతే లెక్కల్లో చేర్చరు. అయినా కొన్ని తప్పులు జారిపోతాయి. అవి అటూ ఇటూ చెదురుమదురుగా ఉన్నంతకాలం వేల జాబితాల మధ్య పెద్దగా తేడా తేవు. ఇక్కడ మామూలు పక్షుల మీద దృష్టి పెట్టడంలోని మరో లాభం బయటపడుతుంది: గోరింకను చూసి పొరబడేవాళ్లు తక్కువ, అరుదైన గద్దను చూసి పొరబడేవాళ్లు ఎక్కువ. కూత విని పేరు చెప్పే ఫోన్ యాప్‌ల వల్ల నేర్చుకోవడం సులువైంది గానీ, యాప్ చెప్పింది కదా అని కంటితో చూడకుండా రాసేయడం కొత్తగా వచ్చిన జబ్బు. ఇక చదువు సంగతి. 1900 తర్వాత శాస్త్రానికి కనబడకుండా పోయిన కలివికోడి 1986లో కడప జిల్లా లంకమల అడవుల్లో మళ్లీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులకు ఆ జాడ చూపింది స్థానిక వేటగాళ్లే. గుర్తుపట్టే నేర్పు పట్టాతో రాదు.

రెండో అభ్యంతరం ఇంతకన్నా బలమైనది. పరిశీలకులు నగరాల్లో ఉంటారు, సెలవునాడు తిరుగుతారు, పక్షులు బాగా కనిపించే చెరువుకే పోతారు. అలాంటప్పుడు ఈ సమాచారం దేశపు పక్షులను చూపుతుందా, పరిశీలకుల తీరిక వేళలను చూపుతుందా? గణిత పద్ధతులతో కొంత సరిచేస్తారు. జాబితాలో ఎన్ని జాతులున్నాయన్నదాన్ని బట్టి శ్రమను అంచనా వేయడం, ఎక్కువ జాబితాలున్న చోటు తక్కువున్న చోటును మింగేయకుండా ప్రాంతాలవారీగా సగటు తీయడం అందులో భాగం. 942 జాతుల్లో 338కి మాత్రమే దీర్ఘకాలపు ధోరణి చెప్పి, మిగతావాటికి సమాచారం చాలదని పక్కన పెట్టడంలో నిజాయితీ ఉంది. కానీ లేని సమాచారాన్ని ఏ గణితమూ పుట్టించలేదు. అసలైన మందు కేరళ చూపింది. అక్కడ 2015 నుంచి 2020 వరకు వెయ్యిమందికి పైగా స్వచ్ఛందులు రాష్ట్రాన్ని గళ్లుగా విభజించుకుని, తమకు నచ్చిన చోటికి కాక ముందే నిర్ణయించిన గళ్లకు వెళ్లి, ఏడాదికి రెండు రుతువుల్లో లెక్కించి పక్షి అట్లాసు తయారుచేశారు. రబ్బరు తోటయినా, బస్టాండు వెనక సందయినా సరే, చీటీ ఎక్కడ పడితే అక్కడికి వెళ్లారు. పెరటి లెక్కకూ ఇదే గుణం సహజంగా ఉంది. పెరడున్న చోటును పక్షుల కోసం ఎంచుకోలేదు కదా. అందుకే మేడ మీది జాబితా అభయారణ్యం జాబితాకన్నా పేలవంగా కనిపించినా, ఊరు ఎలా మారుతోందో అదే బాగా చెబుతుంది.

మూడోది తిండి పెట్టడం గురించి. పాశ్చాత్య దేశాల్లో పెరటి పరిశీలన అంటే గింజల పళ్లెం వేలాడదీయడమే. 1994లో అమెరికాలో హౌస్ ఫించ్ అనే పిట్టల కళ్లు వాచి మూసుకుపోవడాన్ని మొదట పట్టింది పళ్లేల దగ్గర చూసే జనమే. వాళ్ల లెక్కల వల్లే ఆ అంటురోగం దేశంలో ఎలా పాకిందో తెలిసింది. కానీ పిట్టలు ఒకచోట గుమిగూడటం వల్ల రోగం పాకడానికీ ఆ పళ్లేలే తోడ్పడ్డాయి. బ్రిటన్‌లో 2005 తర్వాత గ్రీన్‌ఫించ్‌లు ట్రైకొమోనాస్ రోగంతో కుప్పకూలినప్పుడూ ఇదే కథ. మన నగరాల కూడళ్లలో పుణ్యం పేరుతో బస్తాలకొద్దీ జొన్నలు చల్లితే లాభపడేది పావురమొక్కటే. ఎండిన రెట్ట దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు దెబ్బతినేది మనుషులకు. కాబట్టి ఈ అభ్యంతరాన్ని ఒప్పుకోవాల్సిందే. చూడటానికి తిండి పెట్టనక్కర్లేదు. మందారం, మునగ, మేడి లాంటి చెట్టు ఒకటి ఉంటే తేనెపిట్ట, పిగిలిపిట్ట వాటంతటవే వస్తాయి. రాలిన ఆకును ఒక మూల ఊడ్వకుండా వదిలితే పురుగు చేరుతుంది, దాని వెంట పిట్ట చేరుతుంది. ఎండాకాలంలో లోతులేని మట్టి మూకుడులో నీళ్లు పెట్టి రోజూ కడిగితే చాలు. పిల్లిని వాకిట్లో వదిలి పిట్టలకు నీళ్లు పెట్టడం మాత్రం వాటికి ఉచ్చు పన్నడమే.

చివరిగా, లెక్కపెడితే పక్షి బతుకుతుందా అని అడిగేవారున్నారు. బతకదు. డైక్లోఫెనాక్ నిషేధం వచ్చినా రాబందులు పాత సంఖ్యకు చేరలేదు. లెక్క చేసేది ఒకటే: ఏది తగ్గుతోందో, ఎక్కడ తగ్గుతోందో, ఎప్పటినుంచో చెప్పి, పరిమితమైన డబ్బునూ శ్రద్ధనూ ఏ పక్షి మీద పెట్టాలో చూపిస్తుంది. ఆ తర్వాతి పని ప్రభుత్వాలది, రైతులది, ఇళ్లు కట్టేవాళ్లది. పెరటి పరిశీలకుడు తన పరిధిలో లేనిదాన్ని భుజాన వేసుకోనక్కర్లేదు.

తెలుగు రాష్ట్రాల్లో ఈ పని ఇంకా నగరం చుట్టూనే తిరుగుతోంది. హైదరాబాదులోని కేబీఆర్ పార్కు నుంచి, అమీన్‌పూర్ చెరువు నుంచి జాబితాలకు కొదవ లేదు. పల్నాటి మిరప చేల పక్కనుంచి, ఆదిలాబాదు పత్తి పొలాల నుంచి, అనంతపురం వేరుశనగ నేలల నుంచి, గోదావరి లంకల నుంచి వచ్చేవి తక్కువ. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి గూళ్లు కట్టే రోజులు ఊరివాళ్లకు కంఠతా వచ్చు. కాగితం మీదికి రాని ఆ జ్ఞానం వాళ్లతోనే ఆగిపోతుంది. కేబీఆర్ పార్కు నుంచి వెళ్లే వెయ్యో జాబితాకన్నా ప్రకాశం జిల్లాలోని ఒక బడి ఆవరణ నుంచి నెలకొక్కటిగా వెళ్లే జాబితా విలువైనది. పెరటి పక్షుల లెక్క ఏటా ఫిబ్రవరి నడిమిన నాలుగు రోజులు జరుగుతుంది. ఒక జాబితాకు కనీసం 15 నిమిషాలు చాలు, రుసుము లేదు. పల్లెలో ఉంటున్న ఉపాధ్యాయులు, పదవీ విరమణ చేసినవారు, సెలవులకు ఊరెళ్లిన విద్యార్థులు ఈసారి గుర్తుపట్టినవన్నీ, కాకితో సహా, రాసి పంపండి.